ఆపరేషన్ ఖర్చు: కార్డు, అప్పు, జకాత్

ఆపరేషన్ ఖర్చు అనగానే ఆసుపత్రి బిల్లే గుర్తొస్తుంది. కానీ బిల్లు చేతికి రాకముందే స్కానింగులు, రక్త పరీక్షలు, డాక్టర్ ఫీజులకు సగం జేబు ఖాళీ అవుతుంది. డిశ్చార్జ్ తర్వాత మందులు, ఆటో ఛార్జీలు ఉంటాయి. వెల్డింగ్ షాపులోనో టైలరింగ్‌లోనో పనిచేసే మనిషి నెల రోజులు మంచం మీద ఉంటే ఆ నెల సంపాదన కూడా ఖర్చు కిందే లెక్క. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఉచిత చికిత్సకు మొదటి దారి ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది. ఏపీలో ఇప్పుడు దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 70 ఏళ్లు నిండిన దాదీ, నానీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు కవరేజీ 2024 అక్టోబర్‌లో మొదలైంది.

మనవాళ్లకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది పేర్ల దగ్గర. ఆధార్‌లో ‘మొహమ్మద్’, రేషన్ కార్డులో ‘ఎండీ’. ఒకచోట ‘బేగం’, ఇంకోచోట ‘బీ’. పెళ్లై వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. నొప్పి వచ్చిన రాత్రి ఇవి సరిచేయించుకోలేం, ఇప్పుడే చూసుకోవాలి. ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టేముందు ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లి, మన ఆపరేషన్ జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రి ఆ విభాగానికి నెట్‌వర్క్‌లో ఉందా అని అడగండి. 104కి ఫోన్ చేసినా చెబుతారు.

సొంత డబ్బు కట్టేసినవాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ పారేయొద్దు. నిమ్స్ లాంటి చోట ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీ తెచ్చుకునే వీలుంది. అయితే తిరిగొచ్చే సొమ్ము చాలాసార్లు బిల్లు కంటే బాగా తక్కువ, దాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు.

అప్పు లెక్క ఒకసారి చూడండి. 3 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 9,000, ఏడాదికి 1,08,000. అసలు అలాగే ఉంటుంది. సూద్ హరామ్ అని తెలిసీ గత్యంతరం లేక తెచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే మొహల్లా బైతుల్‌మాల్, ఖర్జె హసనా సొసైటీల తలుపు ముందే తట్టాలి. అడగడానికి సిగ్గుపడి ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి పోవడం నాకు అర్థం కాని విషయం.

జకాత్ తీసుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవాళ్లు కూడా ఉన్నారు (సూరె తౌబా, 60వ ఆయత్). హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్మును హక్కుదారుడి సొంతం చేయాలి. కాబట్టి ఇచ్చేవాళ్లు డబ్బు రోగి చేతికే ఇవ్వాలి, లేదా అతని అనుమతితో బిల్లు కట్టాలి. ఇంట్లో నగలున్నా, అప్పు తీసేస్తే మిగిలేది నిసాబ్ కంటే తక్కువైతే అర్హత ఉండొచ్చు. మీ లెక్క కాగితం మీద రాసుకుని, మసీదు ఇమామ్ సాబ్‌నో ముఫ్తీ సాబ్‌నో అడగండి. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ కాపీ కూడా వెంట తీసుకెళ్లండి, బైతుల్‌మాల్ వాళ్లు సాధారణంగా మొదట అడిగేది అదే.