ఎనిమిది కాళ్ల చిప్

కుర్చీ కాస్త ముందుకు లాక్కోండి. ట్యూబ్‌లైటు వెలుగు చాలక టేబుల్ ల్యాంపును బోర్డు మీదికి వంచాను. భోజనాల బల్ల మీది ప్లాస్టిక్ షీటు తీసి చుట్టేశాం. దాని మీద చెయ్యి రాసుకుంటే పుట్టే స్టాటిక్ కరెంటు మన వేలికి చురుక్కుమనిపించి పోతుంది. చిప్‌కి మాత్రం అదే ఆఖరి దెబ్బ కావచ్చు. ఇప్పుడు వట్టి చెక్క బల్ల, దాని మీద పాత పేపరు, పేపరు మీద తలుపు తీసిన క్యాబినెట్, అందులో 2012 నాటి మదర్‌బోర్డు.

విజయవాడలో మే నెల, రాత్రి తొమ్మిదిన్నర. ఈ సీపీయూను మా అక్క కొడుకు సాయంత్రం ప్యాసింజర్లో తెనాలి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. బావ డీటీపీ సెంటర్‌ది. పదేళ్లకు పైగా ఆ వీధి శుభలేఖలూ కరపత్రాలూ దినకర్మ కార్డులూ దీంట్లోనే కంపోజ్ అయ్యాయి. పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ, ఆపరేటరు వేళ్లకు పట్టుబడ్డ కీబోర్డూ, అన్నీ దీనితోనే. హార్డ్‌డిస్కు ముసలిదైపోయి ఒక్కో ఫైలు తెరుచుకునేలోపు వచ్చినవాళ్లు టీ తాగి తిరిగొస్తున్నారు. ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి. కొత్తది కొనే డబ్బు బావ దగ్గర లేదు. ఉన్నా, చక్కగా పనిచేసే బోర్డును పాతబడిందన్న ఒక్క కారణంతో తుక్కులో పడేస్తే నాకు ప్రాణం ఒప్పదు.

చిక్కు మేనల్లుడు కొన్న డిస్కుతో వచ్చింది. వాడు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కొన్నాడు. ప్రాసెసర్ ఐ5-3470, డిస్‌ప్లే అందులోనే ఉంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగు స్లాటు ఖాళీ. అడాప్టర్ కార్డు మీద ఎస్ఎస్‌డీని బిగించి అక్కడ గుచ్చాడు. పాత డిస్కు నుంచి లేచిన విండోస్ దాన్ని చూస్తోంది, ఫైళ్లు కాపీ చేస్తోంది. దాని మీంచి బూట్ మాత్రం కావడం లేదు. ఎన్‌వీఎంఈ ప్రమాణం 2011లోనే వచ్చినా ఈ బోర్డు బయాస్‌లో దానికి డ్రైవరు పెట్టలేదు. విండోస్ లేచాక ఎవరినైనా గుర్తుపడుతుంది, కానీ దాన్ని లేపాల్సిన బయాస్‌కే ఆ డిస్కు కనపడదు.

సాటా ఎస్ఎస్‌డీ కొనుంటే ఈ రాత్రి మనకు పనే ఉండేది కాదు. సెకనుకు 550 ఎంబీ వేగం డీటీపీ పనికి ధారాళం. వీడు కొన్నాక అడిగాడు. క్లోవర్ అనే బూట్‌లోడర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి డ్రైవరు అక్కణ్ణుంచి ఇవ్వొచ్చు, బయాస్ జోలికే వెళ్లక్కర్లేదు. మీ ఇంట్లో అయితే నేను అదే చెయ్యమంటాను. బావ షాపులో రోజుకు నలభై పెన్‌డ్రైవులు గుచ్చి పీకుతారు. ఆ ఒక్కటీ ఎవరో ఒకరు పీకేస్తారు. అందుకే డ్రైవరును బయాస్‌లోనే కలిపేస్తున్నాం.

"మామయ్యా, మొదలుపెడదామా?"

"పవర్ వైరు పీకావా?"

"స్విచ్ ఆపాను."

"ఆపడం కాదురా, పీకు."

స్విచ్ ఆపినా వైరు ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ బోర్డుకు స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉండొచ్చు. వైరు పీకాడు. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరూ, ప్రాసెసర్ పక్కనున్న చిన్న కనెక్టరూ తీసేశాడు. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలింది కూడా కారిపోతుంది. నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని గోటితో పైకి లేపి తీశాను. క్యాబినెట్ ఇనుమును ఇద్దరం ఒకసారి ముట్టుకున్నాం. మీరూ ముట్టుకోండి.

ఇదిగో, సాటా పోర్టుల పక్కన, అటు నాలుగు ఇటు నాలుగు కాళ్లతో మినప్పప్పు బద్దంత నల్లటి చిప్. భూతద్దంలో చూడండి: విన్‌బాండ్, 25క్యూ64ఎఫ్‌వీ. 64 మెగాబిట్లు, అంటే 8 ఎంబీ. ఈ బోర్డుకున్న తెలివంతా, బయాస్‌తో సహా, అందులోనే. ఒక మూల సన్నటి చుక్క ఉంది చూశారా? అది ఒకటో కాలు. చిప్ కాళ్లను పట్టుకుని ప్రోగ్రామర్‌కు కలిపే క్లిప్ వైరులో ఎర్ర పోగు ఆ చుక్క వైపే రావాలి. తిప్పి పెడితే భూమికి వెళ్లాల్సిన కాలికి కరెంటు వెళ్తుంది, చిప్ వేడెక్కి పోతుంది.

ఆఖరి అక్షరాలు కూడా చదవాలి. ఎఫ్‌వీ అంటే 2.7 నుంచి 3.6 వోల్టుల చిప్. అదే ఎఫ్‌డబ్ల్యూ అయితే 1.8 వోల్టులది, దానికి మధ్యలో వేరే అడాప్టర్ కావాలి. వాడు తెచ్చిన ప్రోగ్రామర్ నల్ల రంగు సీహెచ్341ఏ. చవగ్గా దొరుకుతుంది, చేతి వేలంత ఉంటుంది, మంచి పనిమంతురాలు. దానికో పుట్టు లోపం ఉంది. చిప్‌కి 3.3 వోల్టులే ఇస్తుంది గానీ, డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతుంది. చాలా చిప్‌లు ఓర్చుకుంటాయి. పక్కనే సౌత్‌బ్రిడ్జి కూడా అవే తీగలకు వేలాడుతోందని మర్చిపోకండి. అందుకే వాడిది పక్కన పెట్టి, నా డ్రాయర్లో ఉన్న సీహెచ్341ఏను తీశాను. దాని 28వ కాలు ఎత్తి 3.3 వోల్టుల వైపు తీగ వేసి, 9వ కాలినీ దానికే కలిపి రెండేళ్లయింది. అయినా మల్టీమీటరు పెట్టి చూద్దాం. 3.29. ఇక నమ్మొచ్చు.

క్లిప్ నోరు తెరిచి చిప్ మీదికి నిలువుగా దించాలి. ఏటవాలుగా దిగితే నాలుగు కాళ్లు అందుతాయి, నాలుగు అందవు. మేనల్లుడు ఊపిరి బిగబట్టాడు. ల్యాప్‌టాప్‌లో ఫ్లాష్‌రామ్ అనే ప్రోగ్రాం నడిపితే చిప్ తన పేరు తనే చెప్పింది. ఇప్పుడు రాయడం లేదు, చదవడమే. 8 ఎంబీ చదవడానికి ఒకటి రెండు నిమిషాలు. ఫైలు వచ్చింది: 83,88,608 బైట్లు, లెక్క సరిపోయింది. వాడి వేళ్లు కీబోర్డు మీద ఆడుతున్నాయి.

"ఇంకోసారి చదువు."

రెండో ఫైలూ అంతే సైజు. రెండింటికీ ఫైలు వేలిముద్ర లాంటి షా256 హ్యాష్ తీయించాను. మొదటి అక్షరం నుంచే వేరు.

సైజు ఒకటే, లోపలి సరుకు వేరు. ఎక్కడో ఒక కాలు సరిగ్గా అంటుకోక, ఏవో కొన్ని బిట్లు తప్పు చదివింది. ఇందాకటి ఫైలునే బ్యాకప్ అనుకుని ముందుకు వెళ్లుంటే, మన దగ్గర బ్యాకప్ ఉందన్న ధైర్యం ఉండేది గానీ బ్యాకప్ ఉండేది కాదు. క్లిప్ తీశాను. పాత టూత్‌బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది కాళ్లు తుడిచాను. పదేళ్ల తెనాలి దుమ్ము. ఆరాక మళ్లీ బిగించి చదివాం. మూడోది, నాలుగోది, అయిదోది. మూడింటి హ్యాష్‌లూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. మొదటి రెండూ అక్కడే చెరిపేశాను. నాలుగోదాన్ని నా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వాడి ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి పెట్టించాను.

వాడికి విసుగ్గా ఉంది. "కంపెనీ సైట్లో బయాస్ ఫైలు ఉంటుంది కదా మామయ్యా, పాడైతే అది వేస్తే పోలా?"

ఇలా అనుకునే నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఒక స్నేహితుడి బోర్డులోది చదవకుండానే, డౌన్‌లోడ్ చేసిన ఫైలును చిప్ మొత్తానికీ రాసేశాను. లేచింది, సంబరపడ్డాను. నెట్‌వర్క్ దగ్గరికి వెళ్తే ఆ బోర్డుకున్న సొంత మ్యాక్ అడ్రస్ పోయి, వరసగా ఎనిమిదులతో నిండిన డమ్మీ అడ్రస్ వచ్చి కూర్చుంది. అసలుది ఆ చిప్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు, దాన్ని నా చేత్తో చెరిపేశాను. బోర్డు సీరియల్ నంబరూ, కొన్నిటిలో విండోస్ కీ కూడా ఇలాగే ఆ చిప్‌లోనే ఉంటాయి. కంపెనీ ఫైలు అందరిదీ. మన చిప్‌లో ఉన్నది ఈ ఒక్క బోర్డుది.

ఇప్పుడు ఫైలు తెరుద్దాం. హెక్స్ ఎడిటర్లో మొదటి పదహారు బైట్లు దాటగానే 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్. ఇంటెల్ డిస్క్రిప్టర్ ముద్ర ఇది. కనబడిందంటే చిప్‌ను మొదటి నుంచి సరిగ్గా చదివామని ఒక సాక్ష్యం. యూఈఎఫ్ఐటూల్‌లో పెడితే ఇంటి గదుల్లా విడిపోతుంది: ముందు డిస్క్రిప్టర్, తర్వాత మేనేజ్‌మెంట్ ఇంజిన్, చివర బయాస్. చివరికి జరిపి చూడండి. కంప్యూటర్ ఆన్ కాగానే ప్రాసెసర్ తన మొట్టమొదటి ఆదేశాన్ని వెతుక్కునేది ఈ ఆఖరి 16 బైట్లలోనే. ఇన్ని లక్షల బైట్లు దాటి ఆ చోటికి వచ్చినప్పుడల్లా నా చెయ్యి మౌస్ మీద నెమ్మదిస్తుంది.

మనం కలపాల్సింది ఒక్క చిన్న డ్రైవరు, ఎన్‌వీఎం ఎక్స్‌ప్రెస్ డీఎక్స్‌ఈ. దాని మూలకోడు టియానోకోర్ ప్రాజెక్టులో అందరికీ తెరిచే ఉంది. డ్రైవర్లన్నీ వరసగా ఉన్న వాల్యూమ్‌లో ఆఖరిదాని కింద చేర్చి, సేవ్ చేశాను. యూఈఎఫ్ఐటూల్ పాత 0.28 వెర్షన్ వాడుతున్నాను. కొత్తవి చూపించడానికే గానీ మార్చడానికి పనికిరావు. సేవ్ చేసినదాన్ని కొత్త వెర్షన్‌లో మళ్లీ తెరిచి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాం. సైజు మారలేదు. ఖాళీ నింపే ప్యాడ్ ఫైలు ముందు లేనిది పుట్టుకురాలేదు, ఉన్నది మాయం కాలేదు. డిస్క్రిప్టర్, ఇంజిన్ గదులు బైటు బైటుకూ అవే. మారింది బయాస్ గదిలో ఆ ఒక్క వాల్యూమే. నాలుగో తరం ప్రాసెసర్ల నుంచి బూట్‌గార్డ్ అనే కాపలా వచ్చింది. అది ఆన్‌లో ఉన్న బోర్డుల్లో, కాపలా ఉన్న భాగం ముట్టుకుంటే బోర్డు లేవదు. ఇది మూడో తరం, ఆ బాధ లేదు.

"ఇప్పుడు రాయి."

వాడు ఎంటర్ నొక్కాడు. పాతది చెరుపుతోంది. కొత్తది రాస్తోంది. అప్పుడే ఫ్యాను ఆగింది. ల్యాంపు ఆరింది. వీధంతా చీకటి.

వాడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మామయ్యా, పోయింది!"

ల్యాప్‌టాప్ వెలుగులో వాడి మొహం చూడండి, పాలిపోయింది. మదర్‌బోర్డు తనను తాను రాసుకుంటూ ఉండగా, అంటే విండోస్ లోంచి అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోయుంటే వాడి భయం నిజమయ్యేది. ఇక్కడ బోర్డుకు అసలు కరెంటే లేదు. రాసేది ప్రోగ్రామర్, దానికి తిండి పెట్టేది ల్యాప్‌టాప్ బ్యాటరీ. మధ్యలో ఆగినా మళ్లీ మొదటి నుంచి రాస్తాం, సరైన ఫైలు మూడు చోట్ల ఉంది. "చెయ్యి కదపకు, క్లిప్ కదలకూడదు," అన్నాను. అందరం తెర వైపే చూస్తున్నాం. రాయడం అయింది. రాసింది మళ్లీ చదివి పోల్చుకుంటోంది. చివరి మాట వచ్చింది: వెరిఫైడ్.

బోర్డును లేపి చూడాలంటే మాత్రం కరెంటు రావాలి. బాల్కనీలో కూర్చున్నాం. మజ్జిగ తాగాం. వాడు ఫోన్లో బావకు ఏదో టైపు చేసి, పంపకుండా చెరిపేశాడు.

నలభై నిమిషాలకు ఫ్యాను తిరిగింది. క్లిప్ తీసి, బ్యాటరీ పెట్టి, కనెక్టర్లు బిగించి, ఆఖరున పవర్ వైరు. బటన్ వాడే నొక్కాడు. ప్రాసెసర్ ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగానే ఉంది. అయిదు సెకన్లు. పది. బ్యాటరీ తీసి పెట్టాం కదా, సెట్టింగులన్నీ మర్చిపోయి మెమరీని కొత్తగా సర్దుకుంటోంది. ఆ సంగతి తెలిసినా గుండె దడ ఆగదు. పదిహేనో సెకనుకు బీప్. తెర మీద వెలుగు.

బయాస్‌లోకి వెళ్లి బూట్ పేజీ తెరిచాం. ఎస్ఎస్‌డీ కంపెనీ పేరు అక్కడ లేదు. దాని బదులు కొత్తగా ఒక మాట ఉంది: పాటా ఎస్ఎస్. వాడికి అర్థం కాలేదు. ఈ తరం బయాస్‌లకు ఎన్‌వీఎంఈ అన్న పేరు రాదు, పాత డిస్కుల పేరుతోనే పిలుస్తాయి. ఆ కింద విండోస్ బూట్ మేనేజర్. మేనల్లుడు తన స్నేహితుడి కంప్యూటర్లో ఈ ఎస్ఎస్‌డీ మీద ముందే విండోసూ పేజ్‌మేకరూ ఎక్కించి ఉంచాడు. బూట్ మేనేజర్‌ను మొదటికి జరిపి సేవ్ చేశాం.

డెస్క్‌టాప్ వచ్చాక వాడు పేజ్‌మేకర్లో బావ సగంలో వదిలిన ఒక శుభలేఖ తెరిచాడు. క్లిక్ చేసిన వేలు ఎత్తేలోపు ఫైలు తెర మీద ఉంది. పైన వినాయకుడు, కింద ఇంకా నింపని ముహూర్తం వరస.

"నాన్నకి ఇప్పుడు ఫోన్ చెయ్యనా?"

"పడుకుని ఉంటాడు, పొద్దున చెప్దువులే. ముందు ఆ పెన్ను ఇలా ఇవ్వు."

చిన్న కాగితం ముక్క మీద ఇవాళ్టి తేదీ, చిప్ నంబరు, అసలు ఫైలు హ్యాష్‌లో మొదటి ఎనిమిది అక్షరాలు వాడి చేతే రాయించాను. దాన్ని క్యాబినెట్ తలుపు లోపలి వైపు సెల్లోటేపుతో అంటించి, వాడు స్క్రూలు బిగిస్తున్నాడు.