కార్బురేటరా? ఇంజెక్షనా?

బొగ్గును తెలిపే లాటిన్ పదం ‘కార్బో’ నుండి పుట్టినది ‘కార్బురేటర్’. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ సన్నని రంధ్రం గుండా పెట్రోలును చిమ్మే కార్బురేటరును రూపొందించాడు. ఇరుకు గొట్టంలో గాలి వేగం హెచ్చితే పీడనం తగ్గి, గిన్నెలోని పెట్రోలు పైకి లేచి అందులో కలుస్తుంది. స్వాతంత్ర్యానంతరం మహీంద్రావారు కూర్చిన విల్లీస్ జీపులను నడిపినది ఈ సూత్రమే.

1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో పంపు పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్మింది. 1967లో బాష్ సంస్థ ఆ కొలతను ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించింది. మన దేశాన 1985లో కార్బురేటరుతో వచ్చిన మారుతి జిప్సీ 2000లో ఇంజెక్షనుకు మారింది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 నిబంధనలతో కొత్త మోటారుసైకిళ్ళు సైతం ఆ దారి పట్టాయి.

త్రిపురాంతకంలో పాత పెట్రోలు జీపు పికప్‌తో కుటుంబాన్ని పోషించుకొనే నా పూర్వశిష్యుడొకడు, "ఏది మేలు మాస్టారూ?" అని అడిగాడు. నల్లమల దారిలో బండి ఆగితే కార్బురేటరును విప్పి, జెట్టులోని మురికిని ఊది తీయవచ్చును. ఇంజెక్షనుకు అధికపీడన విద్యుత్ పంపు, సెన్సార్లు, చిన్న కంప్యూటరు కావలెను. పంపు చెడితే అడవిలో చేయగలిగినది స్వల్పం. అయితే 20 శాతం ఇథనాలు కలిసిన నేటి పెట్రోలుకు తగినట్లు పాళ్ళను సరిదిద్దుకొనే నేర్పు దానిదే. పాత రబ్బరు గొట్టాలను మాత్రం రెండింటికీ మార్చవలసినదే.

మార్కాపురం పలక పగిలేవరకు పనిచేస్తుంది. కంప్యూటరుకు కరెంటు కావాలి. పలకను బాగుచేయగలవారు దగ్గరున్నంతకాలం పలకనే ఉంచుకొమ్మన్నాను.