గాల్జీ సంక్లిష్టం: ప్రతిరక్షకాలతో గుర్తించే పద్ధతి, దాని చరిత్ర

మానవ కణంలో కేంద్రకం పక్కనే అట్ల దొంతరలా ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే చదునైన సంచుల సముదాయమే గాల్జీ సంక్లిష్టం. అంతర్జీవ ద్రవ్యజాలంలో తయారైన ప్రోటీన్లు ఇక్కడికి చేరతాయి. ఇక్కడ వాటి చక్కెర గొలుసులు మార్పులు చెందుతాయి, ఆ తరువాత అవి ఎక్కడికి పోవాలో అక్కడికి పోతాయి. రంగు వేయని కణాన్ని మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ సంచులు కనిపించవు. వాటిని చూపించడానికి ఇవాళ పరిశోధనశాలల్లో ఎక్కువగా వాడే సాధనం ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ. గాల్జీలో ఉండే ఏదో ఒక ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునే ప్రతిరక్షకాన్ని కణంలోకి పంపి, దానికి తగిలించిన రంగు వెలిగే చోటును చూస్తారు.

ఈ పద్ధతి 1980ల ఆరంభంలో రూపుదిద్దుకుంది. దాని చరిత్రలో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)కి చిన్నదే అయినా స్పష్టమైన స్థానం ఉంది. ఆ సంస్థ ఏర్పడిన కాలంలో భారత శాస్త్రీయ పరిశోధనా వ్యవస్థను నడిపినవాడు తెనాలి ప్రాంతపు రైతుబిడ్డ.

వెండి మరకల కాలం

ఇటలీలోని పావియాలో కమిల్లో గాల్జీ 1898 ఏప్రిల్‌లో ఒక కొత్త నిర్మాణం గురించి ప్రకటించాడు. గుడ్లగూబ చిన్నమెదడులోని పెద్ద నాడీకణాలను వెండి లవణాలతో తడిపినప్పుడు, కేంద్రకం చుట్టూ నల్లటి వల ఒకటి తేలింది. ఆయన దాన్ని అంతర జాలక పరికరం అన్నాడు. 1906లో ఆయనకు వచ్చిన నోబెల్ మాత్రం నాడీవ్యవస్థ నిర్మాణం మీది పనికి. దాన్ని ఆయన స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్‌తో పంచుకున్నాడు.

వల నిజంగా ఉందా, వెండి పోయడం వల్ల పుట్టిన మరకా అన్న తగవు దాదాపు యాభై ఏళ్లు సాగింది. అనుమానించినవాళ్లను తప్పుపట్టలేం. వెండి పద్ధతి ఒక రోజు పనిచేసేది, మరో రోజు మొండికేసేది. ఒకే కణజాలంలో కొన్ని కణాలు నల్లబడేవి, మిగతావి ఊరుకునేవి. 1949లో జార్జ్ పలాడే, ఆల్బర్ట్ క్లాడ్ కూడా ఇది కొవ్వు పదార్థాలు రసాయనాలతో కలిసి ఏర్పడే భ్రమ రూపమేనని వాదించారు. 1954లో డాల్టన్, ఫెలిక్స్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సంచుల దొంతరను స్పష్టంగా చూపించాక తగవు సద్దుమణిగింది. ఇక్కడ పలాడే గురించి ఒక మాట చెప్పాలి. 1960లలో జేమ్స్ జేమీసన్‌తో కలిసి గినీపంది క్లోమంలో ప్రోటీన్ల ప్రయాణాన్ని అనుసరించి, అవి గాల్జీ మీదుగానే వెళ్తాయని రుజువు చేసినవాడూ ఆయనే. 1974 నోబెల్ గ్రహీతల్లో ఆయనా క్లాడూ ఇద్దరూ ఉన్నారు. సాక్ష్యం మారినప్పుడు అభిప్రాయం మార్చుకోవడం శాస్త్రవేత్తకు ఎంత గౌరవం తెస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

అయినా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపేది ఆకారాన్నే. ఆ సంచుల్లో ఏ ప్రోటీన్ ఏ చివర ఉందో అది దానంతట అది చెప్పదు. 1961లో నొవికాఫ్, గోల్డ్‌ఫిషర్ ఒక ఎంజైము చర్యను ఆధారం చేసుకుని గాల్జీకి రంగు వేశారు. రసాయన గుర్తుల్లో అది పెద్ద ముందడుగు. కానీ చర్య జరిపే ఎంజైములకే ఆ దారి పనికొస్తుంది. ఏ ప్రోటీన్‌నైనా వెతికిపట్టగల గుర్తు కావాలంటే ప్రతిరక్షకాల దగ్గరికే రావాలి.

కూన్స్ వేసిన దారి

ప్రతిరక్షకానికి వెలిగే రంగు తగిలించవచ్చన్న ఆలోచన అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్‌ది. కీళ్లవాతపు జ్వరంలో దెబ్బతిన్న కణజాలంలో బాక్టీరియా పదార్థం ఉందో లేదో కళ్లారా చూడాలన్నది ఆయన తపన. 1941లో ఆయన, సహచరులు న్యుమోనియా కలిగించే బాక్టీరియాను పట్టుకునే ప్రతిరక్షకాలకు నీలంగా వెలిగే రంగును కలిపారు. మరుసటి ఏడాది ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసిన్‌కు మారారు. 1950లలో పరోక్ష పద్ధతి స్థిరపడింది. మొదటి ప్రతిరక్షకానికి రంగు ఉండదు. దాన్ని పట్టుకునే రెండో ప్రతిరక్షకానికే రంగు ఉంటుంది. ఒక్కో మొదటి ప్రతిరక్షకానికి పలు రెండో ప్రతిరక్షకాలు అంటుకుంటాయి కాబట్టి వెలుగు పెరుగుతుంది. ఒకే రంగు సీసా ఎన్నో రకాల మొదటి ప్రతిరక్షకాలకు సరిపోతుంది. ఇవాళ్టి గాల్జీ చిత్రాల్లో అధికభాగం ఈ రెండంచెల పద్ధతిలో తీసినవే. 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టిన హైబ్రిడోమా విధానంతో, ఒకే లక్ష్యాన్ని పట్టుకునే ఏకరూప ప్రతిరక్షకాలు ఎంత కావాలంటే అంత దొరకసాగాయి.

1982

మూడు వేర్వేరు దారులు ఒకే ఏడాదిలో గాల్జీకి చేరుకున్నాయి.

మొదటిది కుందేలు దారి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో లూవార్, రెజియో, గ్రాహం వారెన్ ఎలుక కాలేయం నుంచి గాల్జీ పొరలను వేరుచేసి, వాటితో కుందేళ్లలో ప్రతిరక్షకాలు పుట్టించారు. ఇతర పొరలను కూడా పట్టుకునే ప్రతిరక్షకాలను ఏరివేసి, గాల్జీని పట్టుకునేవాటినే మిగుల్చుకున్నారు. అదే బృందం అదే ఏడాది 135 కిలోడాల్టన్ల గాల్జీ ప్రోటీన్‌కు ఏకరూప ప్రతిరక్షకాన్నీ తయారుచేసింది.

రెండోది మానవ కణం దారి. యూర్గన్ రోత్, ఎరిక్ బెర్గర్ మానవుల తల్లిపాల నుంచి గెలాక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమును తీసి దానికి ప్రతిరక్షకాలు చేశారు. చక్కెర గొలుసుకు గెలాక్టోజ్‌ను అతికించేది ఈ ఎంజైమే. బంగారు రేణువులు తగిలించి హేలా అనే మానవ కణాల్లో వెతికితే, అది గాల్జీ దొంతరలో నిష్క్రమణ వైపునున్న సంచుల్లో మాత్రమే దొరికింది. నొవికాఫ్ రంగు పడిన చోటూ అదే. దొంతరలో ఒక్కో అరకు ఒక్కో పని ఉందన్న ఊహకు మానవ కణంలో దొరికిన గట్టి రుజువు ఇది. ఈ మూడింటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఈ పనే. అంతవరకు గాల్జీ ఎక్కడుందనేదే ప్రశ్న. ఇక్కడి నుంచి గాల్జీలో ఏది ఎక్కడుందనేది ప్రశ్న అయింది.

మూడో దారిని రోగులే చూపించారు. కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ వ్యాధితోపాటు లింఫోమా కూడా ఉన్న ఒక రోగి సీరం, సాగుచేసిన కణాల్లో కేంద్రకం పక్కన ఒక గుంపుకు మాత్రమే అంటుకుంటోందని రోడ్రిగెజ్, సహచరులు గమనించారు. రోగి శరీరం తన గాల్జీ మీదికి తానే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటోందన్నమాట. రెండేళ్లకు కెనడాలో మార్విన్ ఫ్రిట్జ్‌లర్ బృందం మరికొందరు రోగుల్లోనూ ఇలాంటివే చూసింది.

రోగుల రక్తం నుంచి గాల్జిన్లు

ఆ సీరం పట్టుకుంటున్నది దేన్ని? 1993లో ఫ్రిట్జ్‌లర్, ఎడ్వర్డ్ చాన్, సహచరులు మానవ కణాల జన్యు సందేశాల నకళ్ల సేకరణను రోగి సీరంతో వడపోసి, రెండు కొత్త ప్రోటీన్లను బయటికి తీశారు. 95, 160 కిలోడాల్టన్ల ఆ ప్రోటీన్లకు గాల్జిన్లు అన్న పేరు స్థిరపడింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో లిన్‌స్టెట్, హౌరి ఏకరూప ప్రతిరక్షకం సాయంతో జయాంటిన్ అనే భారీ ప్రోటీన్‌ను వర్ణించారు. 1995లో నకమురా, వారెన్ బృందం జీఎం130ని పరిచయం చేసింది. ఫ్రిట్జ్‌లర్ చూసిన 95 కిలోడాల్టన్ల ప్రోటీన్ దీనిలో భాగమేనని తేలింది. 1997లో షోగ్రెన్ రోగి సీరం నుంచే గాల్జిన్-97 బయటపడింది.

ఈ ప్రోటీన్లు సంచుల పొర మీద పొడవాటి పోగుల్లా నిలిచి, వచ్చిపోయే పుటికలను, అంటే చిన్న బుడగల్లాంటి సంచులను, పట్టి ఆపుతాయి. అందుకే ఇవి ఇవాళ గాల్జీకి ప్రామాణికమైన గుర్తులు అయ్యాయి. ప్రవేశ వైపు జీఎం130, నిష్క్రమణ వైపు గాల్జిన్-97. గాల్జిన్ కాకపోయినా టీజీఎన్46 అనే ప్రోటీన్ కూడా నిష్క్రమణ వైపుకు గుర్తే. గాల్జిన్-97 కోవకు చెందిన ప్రోటీన్లు పొరకు ఎలా చేరతాయన్నది కూడా ఒక ప్రశ్నే. ఇప్పుడు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉన్న సుబ్బారావు గంగిశెట్టి అమెరికాలో పనిచేసిన కాలంలో, 2003లో, ఈస్టు కణాల్లో ఒక చిన్న స్విచ్ ప్రోటీన్ మరో స్విచ్ ప్రోటీన్‌ను పిలుస్తుందనీ, అది గాల్జిన్‌ను పిలుస్తుందనీ సహచరులతో కలిసి చూపించారు.

యలవర్రు నుంచి హైదరాబాదుకు

తెనాలి చేరువలోని యలవర్రు ఇప్పుడు బాపట్ల జిల్లా అమృతలూరు మండలంలో ఉంది. మొదట్లో చెప్పుకున్న రైతుబిడ్డ యలవర్తి నాయుడమ్మ 1922 సెప్టెంబర్ 10న పుట్టింది ఆ ఊళ్లోనే. తోళ్ల శాస్త్రంలో ప్రపంచం గుర్తించిన ఆయన, 1971 నుంచి 1977 వరకు దేశ శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సీఎస్ఐఆర్) డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. హైదరాబాదులో కణ జీవశాస్త్రానికి, అణు జీవశాస్త్రానికి ప్రత్యేక కేంద్రం పెట్టాలని సీఎస్ఐఆర్ పాలకమండలి 1976లో నిర్ణయించింది ఆయన హయాంలోనే. 1977 ఏప్రిల్ 1న, అప్పటి ప్రాంతీయ పరిశోధనాశాలలోని జీవరసాయన విభాగమే పునాదిగా, పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీ మొదలైంది. నాయుడమ్మ 1985 జూన్ 23న కనిష్క విమానం పేల్చివేతలో మరణించారు. తోళ్ల మనిషిగానే ఆయన్ను గుర్తుపెట్టుకోవడం మనకు అలవాటు. కణ జీవశాస్త్రం తెలుగు నేల మీద వేళ్లూనిన కాలంలో దేశ శాస్త్ర పాలన ఆయన చేతిలో ఉందన్నది అంతగా ఎవరూ చెప్పుకోరు.

గాల్జీని ప్రతిరక్షకాలతో చూసిన సీసీఎంబీ పనుల్లో 2004లో వెలువడినది ప్రస్తావించదగింది. వేగేశ్న రాధ, రాజన్న, ఘన్‌శ్యామ్ స్వరూప్ సీ3జీ అనే సంకేత ప్రోటీన్‌ను వెంటాడారు. ఈ ప్రోటీన్‌లో 504వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలితే అది చురుకవుతుంది. వాళ్లు రెండు రకాల ప్రతిరక్షకాలు వాడారు. ఒకటి సీ3జీ ఏ స్థితిలో ఉన్నా పట్టుకుంటుంది, రెండోది ఫాస్ఫేట్ తగిలిన రూపాన్నే పట్టుకుంటుంది. కణంలోకి బయటి నుంచి ప్రవేశపెట్టిన సీ3జీ ఎక్కువగా కణద్రవ్యంలో పరుచుకుంది. ఫాస్ఫేట్ తగిలిన రూపం మాత్రం ప్రధానంగా గాల్జీ దగ్గర, కణం అంచున కనిపించింది. ఆక్టిన్ పోగులను మందుతో చెదరగొడితే అంచున ఉన్న వెలుగు పోయింది, గాల్జీ దగ్గరిది చెక్కుచెదరలేదు. ఒకే ప్రోటీన్, ఒక్క ఫాస్ఫేట్ తేడాతో వేర్వేరు చోట్ల. సరైన ప్రతిరక్షకం లేకుంటే ఈ సంగతి తేలేది కాదు.

బల్ల మీద జరిగేది

పలుచని గాజు పలక మీద కణాలను పెంచుతారు. నాలుగు శాతం పారాఫార్మాల్డిహైడ్‌తోనో, చల్లటి మెథనాల్‌తోనో వాటిని ఉన్నవి ఉన్నట్టు నిలిపేస్తారు. పారాఫార్మాల్డిహైడ్ వాడితే పొరలకు రంధ్రాలు చేయడానికి డిటర్జెంట్ కూడా కావాలి, లేకపోతే ప్రతిరక్షకం లోపలికి పోదు. అక్కర్లేని చోట్ల అంటకుండా ముందుగా ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్‌తో నింపుతారు. తరువాత మొదటి ప్రతిరక్షకం, కడుగు, రెండోది, మళ్లీ కడుగు. కేంద్రకానికి నీలం రంగు వేసి పలకను బోర్లిస్తారు. అన్నీ కుదిరితే నీలి కేంద్రకాన్ని ఒక పక్క ఆనుకుని, వంపు తిరిగిన ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. విభజన చెందుతున్న కణంలో ఆ పట్టీ తునకలై చెల్లాచెదురవుతుంది. సూక్ష్మనాళికలను నొకొడజోల్‌తో కరిగించినా అది చిన్న దొంతరలుగా విడిపోతుంది. జీఎం130కి ఒక రంగు, టీజీఎన్46కు మరో రంగు ఇచ్చి చూస్తే, ఆ చిన్న దొంతరల్లోనే రెండు వైపులూ ఎక్కువ స్పష్టంగా వేరుపడతాయి.

మెథనాల్‌లో బాగా వెలిగే ప్రతిరక్షకం పారాఫార్మాల్డిహైడ్‌లో మూగబోవచ్చు. కేంద్రకం పక్కన వెలిగిన ప్రతిదీ గాల్జీ కాదు, ఎందుకంటే తారావత్కేంద్రం (సెంట్రోసోమ్), కొన్ని పుటికల గుంపులు కూడా అక్కడే ఉంటాయి. అందుకే లక్ష్య ప్రోటీన్‌ను జన్యుపరంగా తీసేసిన కణాల్లో వెలుగు మాయమవుతుందో లేదో చూడడం ఇప్పుడు ప్రధాన పరీక్షల్లో ఒకటి. నాణ్యత లేని ప్రతిరక్షకాల వల్ల పనులు వృథా అవుతున్నాయని 2015లో బ్రాడ్‌బరీ, ప్లూక్‌తున్ గట్టిగా హెచ్చరించారు. మరుసటి ఏడాది అంతర్జాతీయ బృందమొకటి అయిదు రకాల తనిఖీలను సూచించింది. 2017లో స్వీడన్ కేంద్రంగా సాగిన మానవ ప్రోటీన్ అట్లాస్ ప్రతిరక్షకాలతోనే 12,003 ప్రోటీన్ల చిరునామాలను కణంలోని 30 నిర్మాణాలకు పంచింది. అంత పెద్ద పటానికి విలువ రావాలంటే తనిఖీ తప్పదు.

ఆసుపత్రి నివేదికలో

ఈ పద్ధతి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని మామూలు మనిషికి ఎదురయ్యేది ఏఎన్ఏ (కేంద్రక వ్యతిరేక ప్రతిరక్షకాల) పరీక్ష రూపంలో. కీళ్ల నొప్పులు, కళ్లు ఎండిపోవడం లాంటి లక్షణాలున్నప్పుడు వైద్యుడు ఈ పరీక్ష రాస్తాడు. పలుచన చేసిన రోగి సీరాన్ని హెప్-2 అనే మానవ కణాల మీద వేసి, ఆకుపచ్చ రంగున్న రెండో ప్రతిరక్షకంతో చూస్తారు. ఈ హెప్-2 కణాలు స్వరపేటిక క్యాన్సర్ నుంచి వచ్చాయని మొదట అనుకున్నా, నిజానికి అవి హేలా కణాలేనని తరువాత తేలింది. కేంద్రకం పక్కన ఒకవైపున వెలిగితే, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దాన్ని ఏసీ-22, గాల్జీ తరహా అని రాస్తారు.

ఇది అరుదుగా కనిపించే తరహా. షోగ్రెన్, లూపస్, కీళ్లవాతం ఉన్నవారిలోనూ, కొన్ని వైరస్ జ్వరాల తరువాత తాత్కాలికంగానూ కనిపించవచ్చు. కాబట్టి నివేదికలో ఆ మాట చూసి జబ్బు పేరు అనుకుని బెంబేలెత్తవద్దు. అది కణంలో వెలుగు పడిన చోటు పేరు మాత్రమే. కాగితం వైద్యుడికి చూపించి, లక్షణాలన్నీ చెప్పి, మిగతా పరీక్షలతో కలిపి అర్థం చెప్పించుకోండి.