ఒకే యంత్రంలో అనేక కంప్యూటర్లు

మీ పరీక్షా ఫలితాలు చూపించే వెబ్‌సైట్ ఏదో ఒక సర్వర్ మీద నడుస్తుందని మీకు తెలుసు. ఆ సర్వర్ చాలా సందర్భాలలో ప్రత్యేకమైన యంత్రం కాదు. ఒక పెద్ద యంత్రం లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించిన కంప్యూటర్. దీనినే వర్చువల్ యంత్రం అంటారు. ఈ ఆలోచన ఎలా పుట్టిందో, దానితో వచ్చిన ప్రమాదాన్ని ఎలా ఎదుర్కొన్నారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మెయిన్‌ఫ్రేమ్‌ల కాలం

1960లలో కంప్యూటర్ చాలా ఖరీదైన వస్తువు. కాబట్టి ఒకే యంత్రాన్ని అనేకమంది పంచుకోవలసి వచ్చేది. అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరంలో గల ఐబీఎం శాస్త్రీయ కేంద్రంలో రాబర్ట్ క్రీసీ బృందం 1964లో సీపీ-40 అనే వ్యవస్థ నిర్మాణానికి పూనుకుంది. 1967లో వాడుకలోకి వచ్చిన ఈ వ్యవస్థ ఒకే యంత్రంలో 14 వర్చువల్ యంత్రాలను నడిపింది. యంత్రమంతా తనదే అన్నట్లు ప్రతి ఒక్కరూ పనిచేసుకోగలిగారు. ఒకరి ప్రోగ్రాం చెడిపోయినా పక్కవారి పని ఆగేది కాదు. 1972లో ఐబీఎం ఇదే మార్గంలో వీఎం/370ని ప్రకటించింది. ఇలా విభజించడానికి ప్రాసెసర్‌కు ఏ లక్షణాలు ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు సిద్ధాంతరీత్యా వివరించారు.

పాత ఉపాయానికి కొత్త ప్రాణం

తరువాతి కాలంలో చిన్న కంప్యూటర్లు చౌకగా దొరకసాగాయి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వర్ కొనడం సంస్థలకు అలవాటైంది. అయితే అనేక సర్వర్లు చాలాసేపు ఖాళీగానే ఉండేవి. విద్యుత్తు, శీతలీకరణ, స్థలం ఖర్చులు మాత్రం తప్పేవి కావు. పాత ఉపాయాన్ని మళ్ళీ వాడదామంటే, ఎక్స్86 ప్రాసెసర్లలోని కొన్ని ఆదేశాలు పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల షరతుకు లోబడేవి కావు. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ అటువంటి ఆదేశాలను ప్రోగ్రాం నడుస్తుండగానే సురక్షితమైన ఆదేశాలుగా మార్చే పద్ధతిని ఉపయోగించింది. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెన్‌ను వెలువరించారు. 2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ప్రాసెసర్లలోనే ఈ సదుపాయం కల్పించాయి. 2007లో కేవీఎం లైనక్స్‌లో భాగమైంది.

సమాచారానికి రక్షణ

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. పది సర్వర్ల పనిని ఒకే యంత్రంలో ఉంచితే, అది ఆగిన రోజున పది పనులూ ఆగిపోతాయి కదా!

డిస్కు చెడిపోవడం మొదటి ప్రమాదం. దీనికి బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో రెయిడ్ అనే పద్ధతిని వివరించారు. మూడు డిస్కులలో 1, 0, 1 అనే అంకెలున్నాయనుకోండి. ఒకట్ల సంఖ్య సరిసంఖ్య కావాలనే నియమం ప్రకారం నాలుగో డిస్కులో 0 రాస్తాం. రెండవ డిస్కు పోతే, మిగిలినవి 1, 1, 0. నియమం నిలవాలంటే పోయిన అంకె 0 అని తెలిసిపోతుంది.

సర్వరే ఆగిపోవడం రెండవ ప్రమాదం. సమాచారాన్ని సర్వర్ల బయట ఉమ్మడి నిల్వలో ఉంచితే, మరో సర్వర్ ఆ వర్చువల్ యంత్రాలను తిరిగి ప్రారంభించగలదు. కాని అటువంటి నిల్వ పరికరం ఖరీదైనది. అందువల్ల సర్వర్లలోని డిస్కులనే నెట్‌వర్క్ ద్వారా కలిపి ఒకే నిల్వగా చూపే వర్చువల్ నిల్వ పద్ధతి వచ్చింది. వీఎంవేర్ 2014లో ఇటువంటి దానిని విడుదల చేసింది.

ఇందులో సమాచారాన్ని రెండు సర్వర్లలో రాస్తే చాలదా? చాలదు. మధ్యనున్న తీగ తెగితే రెండూ తామే మిగిలామనుకొని వేర్వేరు మార్పులు రాసుకుంటాయి. అందుకే మూడవ సర్వర్‌ను సాక్షిగా ఉంచుతారు. సాక్షి ఎటువైపు ఉంటే ఆ వైపే పని సాగుతుంది. అయితే పొరపాటున చెరిపివేసిన ఫైలు అన్ని ప్రతులలోనూ చెరిగిపోతుంది. కాబట్టి వేరుగా బ్యాకప్ తప్పనిసరి.

2006లో అమెజాన్ జెన్ ఆధారంగా వర్చువల్ యంత్రాలను అద్దెకివ్వడం ప్రారంభించింది. 2022లో ఆ సంస్థ డేటా సెంటర్ల ప్రాంతం ఒకటి హైదరాబాదులో మొదలైంది. పంచుకోవడం వల్ల ఖర్చు తగ్గుతుంది. ప్రతులను విడివిడిగా ఉంచడం వల్లనే భద్రత కలుగుతుంది.

ఆలోచించండి: ఒక్కొక్కటి పది వర్చువల్ యంత్రాలను మోయగల మూడు సర్వర్లు మీ కళాశాలలో ఉన్నాయి. ఒక సర్వర్ ఆగినా ఏ పనీ ఆగకూడదంటే మొత్తం ఎన్నింటిని నడపవచ్చు? ముప్పై అన్నవారు మరొకసారి లెక్కించండి.