దీపాలదిన్నెలో పోయింది రాళ్లు మాత్రమే కాదు

అమరావతి పేరెత్తగానే, మన శిల్పాలన్నీ తెల్లవాళ్లు లండన్‌కు ఎత్తుకుపోయారన్న మాట వినిపిస్తుంది. అందులో నిజముంది. కానీ మా ఊరికి జరిగిన అసలు నష్టం అది కాదు. పోయిన పలకల్ని బ్రిటిష్ మ్యూజియంలోనో చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనో ఈనాటికీ చూడొచ్చు. అవి ఏ పొరలో, దేని పక్కన, ఎటు తిరిగి నిలిచి ఉండేవో చాలావాటి విషయంలో చెప్పే ఆధారం ఇక ఎక్కడా దొరకదు.

జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఇక్కడ పట్నం కట్టించే రోజుల్లో రాళ్ల కోసం దీపాలదిన్నెను, అంటే బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బను, తవ్వారు. అప్పట్లో చూసి వెళ్లిన సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ కోనేరు ఉంది. ఆయన మనుషులు మిగిలినదాన్ని కొలిచి బొమ్మలు గీశారు. ఇప్పటి పరిశోధకులు ఆ బొమ్మలనే ఆశ్రయిస్తున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ మద్రాసు పంపిన పలకలు ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1877లో రాబర్ట్ స్యూయెల్ కొంత మేర తవ్వి నివేదిక రాశాడు. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బ మొత్తం తోడేశారు. తర్వాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు చదవడానికి పొరలే మిగల్లేదు.

బ్రిటిష్ మ్యూజియంలో రెండువైపులా చెక్కిన పలక ఒకటి ఉంది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న జనం. అది క్రీస్తు పూర్వపు పని. రెండోవైపు పూర్తి స్తూపం బొమ్మ. అది సుమారు క్రీ.శ. మూడో శతాబ్దిది. అంటే పాత పలకనే తిప్పి మళ్లీ వాడుకున్నారు. స్తూపాన్ని ఎన్నిసార్లు, ఏ క్రమంలో మార్చి కట్టారో ఇలాంటి పలకలు నిలిచిన చోటే చెప్పాలి. 1973-74లో ఇంగువ కార్తికేయ శర్మ పొరలు చూసుకుంటూ తవ్వి స్తూపం ఆరంభ దశ గురించి రాబట్టిన సమాచారం, 1880లో అంత దిబ్బ తోడినా రాలేదు.

తరలించకపోతే ఆ పలకలు సున్నపు బట్టీల్లో కాలిపోయేవని కొందరంటారు. నిజమే, పలనాటి సున్నపురాయి కాలిస్తే మంచి సున్నమే. అయితే తరలింపు వేరు, ఆనవాళ్లు రాసుకోకుండా తరలించడం వేరు. మెకంజీ మనుషులకు 1816లో చేతనైన పని 1880లో ఎవరికీ చేతకానిది కాదు.

ఇక మిగిలినదాన్ని కాపాడే నిబంధనలపై గట్టి అభ్యంతరం ఊళ్లోవాళ్లది. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కూడదు, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. ఇల్లు కట్టుకోవాల్సినవాడికి ఇది భారమే, ఆ కోపం న్యాయమైనదే. కానీ టేపు పెట్టి కొలిచే హద్దుకు భూమి కింద ఏముందో తెలియదు. ఒక్కో కట్టడానికి విడిగా ఉపనిబంధనలు రాసుకోవచ్చని ఆ సవరణే చెబుతోంది. భూమి కింద ఏముంటుందో చెప్పాలంటే, మా పక్కనే ఉన్న ధరణికోటలో 1962-64 తవ్వకాల్లో ఇటుకలతో కట్టిన పడవల రేవు బయటపడింది. ఆ కోట దిబ్బల్లో తవ్వని నేల ఇంకా చాలా ఉంది. దాన్ని సర్వే నంబర్ల వారీగా పరీక్షించి పటం గీస్తే, కింద ఏమీ లేని చోట ఊరివాళ్ల కోసం నిబంధన సడలించమని అడగడానికి బలమైన ఆధారం ఉంటుంది, ఉన్నచోట గట్టిగా కాపాడవచ్చు. శిల్పాలు తిరిగి రప్పించాలన్న కోరిక కంటే ముందు మన పంచాయతీలు పురావస్తు శాఖను అడగవలసింది ఈ పటం. అది వచ్చేదాకా, పునాది తవ్వుతుండగా చెక్కిన రాయో పెద్ద పాత ఇటుకో తగిలితే దయచేసి కదపకండి. ఉన్నచోటే ఫొటో తీసి అధికారులకు కబురు చేయండి.