పురస్కార జాబితాలో మౌనం: ‘రుద్రమదేవి’ చిత్రం - దక్షిణ తెలంగాణ చారిత్రక స్మృతి

ఉపోద్ఘాతం:

సినిమా పురస్కారాలు వెలువడిన ప్రతిసారీ రెండు జాబితాలు పుడతాయి. మొదటిది ప్రభుత్వమో సంస్థో ప్రకటించేది. రెండవది ప్రేక్షకులు తమలో తాము కూర్చుకొనేది. అందులో రావలసి ఉండీ రానివారి పేర్లుంటాయి. మొదటి జాబితా ఉత్తర్వులలో, పత్రికలలో భద్రమవుతుంది. రెండవది థియేటరు ఆవరణలో, చాయ్ హోటలు బల్ల దగ్గర, అభిమానుల వాదోపవాదాలలో కొన్నాళ్లు నలిగి మాసిపోతుంది. సాహిత్య, సాంస్కృతిక చరిత్ర రచనకు సాధారణంగా మొదటి జాబితానే ఆధారమవుతున్నది.

అయితే పురస్కారం దక్కకపోవడం కూడా ఒక చారిత్రక ఆధారమే. ఒక సమాజం దేనిని తనదిగా లెక్కించుకున్నదో, దేనిని లెక్కలోకి తీసుకోలేదో ఆ ఖాళీ చెబుతుంది. 2015లో విడుదలైన ‘రుద్రమదేవి’ చిత్రానికి 2017 నంది పురస్కారాలలో, 2025 గద్దర్ పురస్కారాలలో లభించిన భిన్నమైన స్థానాలను ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనాధారాలతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. నామినేషన్లు లేని పోటీ:

ఆస్కార్ వంటి పురస్కారాలలో తుది ఫలితానికి ముందే నామినేషన్ల జాబితా వెలువడుతుంది. ఎవరు పోటీలో ఉన్నారో, ఎవరిని పక్కన పెట్టారో అందరికీ తెలుస్తుంది. 95వ ఆస్కార్‌కు భారతదేశం అధికారిక ఎంట్రీగా గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ను పంపినప్పుడు ‘ఆర్ఆర్ఆర్’కు మొండిచేయి చూపారని తెలుగు ప్రేక్షకులు భావించారు. ఆ చిత్రంలోని ‘నాటు నాటు’ పాట విడిగా నామినేషన్ పొంది, 2023 మార్చిలో ఆస్కార్ గెలుచుకున్నది. అక్కడ నిరాకరణ, అంగీకారం రెండూ బహిరంగంగానే జరిగాయి.

1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పిన నంది పురస్కారాల పద్ధతి వేరు. నిర్మాతలు దరఖాస్తు చేస్తారు, న్యాయనిర్ణేతల సంఘం చిత్రాలు చూస్తుంది, విజేతల పేర్లు వెలువడతాయి. తుది పరిశీలన దాకా వచ్చి ఆగిపోయిన చిత్రమేదో ప్రజలకు తెలియదు. కాబట్టి నంది విషయంలో ‘అన్యాయం’ అన్న మాటకు కాగితం మీద ఆధారం దొరకదు. విజేతల జాబితాలోని ఖాళీ ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఖాళీని చదవడానికి ఇతర ఆధారాల సహాయం అవసరం.

2. ఒకే ఏడాది, వేర్వేరు తీర్పులు:

2015 తెలుగు సినిమాకు విశిష్టమైన సంవత్సరం. జూలైలో ‘బాహుబలి: ది బిగినింగ్’, ఆగస్టులో ‘శ్రీమంతుడు’, అక్టోబరు 9న గుణశేఖర్ దర్శకత్వంలో ‘రుద్రమదేవి’, అదే నెలలో ‘కంచె’ విడుదలయ్యాయి. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ‘బాహుబలి’ దేశంలోనే ఉత్తమ కథాచిత్రంగా, ‘కంచె’ ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచాయి.

2014, 2015, 2016 సంవత్సరాల నంది పురస్కారాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించింది. 2015కు ఉత్తమ చిత్రం ‘బాహుబలి’, ఉత్తమ నటుడు ‘శ్రీమంతుడు’లో నటించిన మహేశ్‌బాబు, ఉత్తమ నటి అనుష్క. అయితే అనుష్కకు నంది తెచ్చిపెట్టింది రుద్రమ పాత్ర కాదు, ‘సైజ్ జీరో’లోని పాత్ర. ‘రుద్రమదేవి’లో గోన గన్నారెడ్డి పాత్ర ధరించిన అల్లు అర్జున్‌కు గుణచిత్ర నటుడిగా నంది లభించింది. ఉత్తమ చిత్రాల వరుసలో ‘రుద్రమదేవి’ లేదు.

దీనిపై గుణశేఖర్ బహిరంగ లేఖ రాశారు. కాకతీయ రాణి చరిత్రను తెరకెక్కించిన చిత్రం గుర్తింపునకు ఎందుకు నోచుకోలేదని అడిగారు. విడుదల సమయంలో తెలంగాణ ప్రభుత్వం ‘రుద్రమదేవి’కి వినోదపు పన్ను మినహాయింపు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇవ్వలేదు. తర్వాత వచ్చిన ‘గౌతమిపుత్ర శాతకర్ణి’కి మాత్రం రెండు రాష్ట్రాలలోనూ మినహాయింపు లభించింది. ఈ తేడా కూడా ఆనాటి చర్చలో భాగమయింది. అభిమానుల మధ్య మొదలైన వాదన కులాల మీదికి, నటకుటుంబాల మీదికి, చివరకు ప్రాంతం మీదికి మళ్లింది. హైదరాబాదులో నివసించేవారికి ఆంధ్రప్రదేశ్ పురస్కారాన్ని ప్రశ్నించే హక్కు ఉన్నదా అనే మాట కూడా వచ్చింది.

రెండవ వైపు వాదాన్ని విస్మరించరాదు. విడుదలైనప్పుడే ‘రుద్రమదేవి’ గ్రాఫిక్స్ మీద విమర్శలు వచ్చాయి. చారిత్రక ఇతివృత్తం ఉన్నంత మాత్రాన చిత్రం ఉత్తమం కాదు. న్యాయనిర్ణేతలు కళా ప్రమాణాన్నే చూసి ఉండవచ్చు. అందువల్ల ఆ ఖాళీకి ఒకే కారణాన్ని ఆపాదించడం శాస్త్రీయం కాదు. అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది: ఆ ఖాళీని తమకు జరిగిన లోటుగా ఎవరు భావించారు, ఎందుకు భావించారు?

3. చందుపట్ల నుండి మల్కాపురం దాకా:

రుద్రమదేవి అనగానే ఓరుగల్లు స్ఫురిస్తుంది. ఆమె మరణ కాలాన్ని నిర్ధారించే ఆధారం మాత్రం నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ మండలం చందుపట్లలో ఉన్నది. 1289 నాటి ఆ శాసనం రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి చేసిన దానాన్ని పేర్కొంటుంది. రాణి, సేనాని పేర్లు ఒకేచోట ఉండటాన్నీ, కాయస్థ అంబదేవుని త్రిపురాంతక శాసనాన్నీ కలిపి చదివి, ఆమె అంబదేవునితో జరిగిన యుద్ధంలో మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు.

ఈ పద్ధతి ప్రస్తుత చర్చకు కూడా పనికివస్తుంది. చందుపట్ల శాసనం చెప్పినదాన్ని మాత్రమే కాక, చెప్పక విడిచినదాన్ని మరొక శాసనం పక్కన ఉంచి చదివినప్పుడే చరిత్ర బయటపడింది. 2017 నంది జాబితాను కూడా అలాగే మరొక జాబితా పక్కన పెట్టి చదవాలి.

అయితే రుద్రమను తెలంగాణకే పరిమితం చేయడం శాసనాలకు విరుద్ధం. ఆమె పాలనకు సంబంధించిన ప్రసిద్ధమైన 1261 నాటి మల్కాపురం శాసనం గుంటూరు జిల్లా తుళ్లూరు మండలానికి చెందినది. ఆంధ్రప్రదేశ్ తన రాజధానిగా అమరావతిని ఎంచుకున్న ప్రాంతమే అది. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. అంటే 2017లో పురస్కారాలు ప్రకటించిన రాష్ట్రానికి రుద్రమ పరాయి కాదు. విభజన తర్వాతి రాజకీయ స్మృతిలోనే ఆమె ఒక ప్రాంతపు రాణిగా మిగిలింది. శాసనాలు కలిపి ఉంచిన భూభాగాన్ని సినిమా పురస్కారాల చర్చ రెండుగా విడదీసింది.

4. పాలమూరు పాత్రకు దక్కిన నంది:

చిత్రాన్ని పక్కన పెట్టిన జాబితాలోనే గోన గన్నారెడ్డి పాత్రకు చోటు దొరకడం గమనించదగినది. గోన వంశీయుల రాజధాని వర్ధమానపురం, నేటి నంది వడ్డెమాన్. అది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, ప్రస్తుతం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. ద్విపదలో ‘రంగనాథ రామాయణం’ రచించిన గోన బుద్ధారెడ్డి ఈ వంశంవాడే. అతని కుమార్తె కుప్పాంబిక పేరు బూదపుర శాసనం ద్వారా తెలుస్తున్నది. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనం గన్నారెడ్డి మంత్రి విఠలుడు కోటలను జయించి, దుర్గం నిర్మించిన వృత్తాంతాన్ని తెలుపుతుంది. శాసనాలలో గన్నారెడ్డి కాకతీయ సామ్రాజ్యపు పడమటి సరిహద్దును కాపాడిన సామంతుడు.

తెర మీద కనిపించేది ఈ సామంతుడు కాదు, రాజ్యానికి లోలోపల మేలుచేసే గజదొంగ. ఈ ఊహకు సాహిత్యంలో మూలం అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’. కోస్తా ప్రాంత రచయిత సృష్టించిన పాలమూరు గజదొంగను, కోస్తా ప్రాంతం నుండి వచ్చిన దర్శకుడు తెరకు తెచ్చి, అతని చేత తెలంగాణ మాండలికం పలికించారు. 13వ శతాబ్దపు సామంతుడు నేటి తెలంగాణ యాసలో మాట్లాడటం చారిత్రకంగా కాలవిరుద్ధం. అయినా ప్రేక్షకులు ఆ పాత్రను గుర్తుపెట్టుకున్నది ఆ యాస వల్లనే. తెలుగు సినిమాలో తెలంగాణ భాష చిరకాలం హాస్యగాళ్లకు, దుష్టపాత్రలకు పరిమితమై ఉండగా, ఇక్కడ ఒక వీరుని నోట వినిపించింది.

ఆ విధంగా 2017 నంది జాబితా తనకు తెలియకుండానే ఒక మాటను నమోదు చేసింది. రాణికి దక్కని గుర్తింపు ఆమె పాలమూరు సామంతునికి, అతని యాసకు దక్కింది. అభిమానుల వాదన ఎక్కువగా కథానాయకుడి స్థాయి నటునికి గుణచిత్ర నటుడి పురస్కారం ఇవ్వడం గౌరవమా, చిన్నచూపా అన్న అంశం చుట్టూ తిరిగింది. ఆ పాత్ర ఏ ఊరిదో, ఆ ఊరి రాతి మీద అతని గురించి ఏమున్నదో ఆ చర్చలో ప్రధానం కాలేదు.

5. గద్దర్ పురస్కారాలు - ఒక మౌనానికి బదులు మరొకటి:

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత పదేళ్లకు పైగా రాష్ట్ర ప్రభుత్వ సినిమా పురస్కారాలు లేవు. నంది స్థానంలో గద్దర్ పేరిట పురస్కారాలు ఇస్తామని 2024 జనవరిలో ముఖ్యమంత్రి ప్రకటించారు. 2025 మే నెలలో 2024 చిత్రాలకు పురస్కారాలు వెలువడ్డాయి. వెంటనే 2014 నుండి 2023 వరకు ఒక్కొక్క సంవత్సరానికి మూడేసి ఉత్తమ చిత్రాలను, మురళీమోహన్ అధ్యక్షులుగా ఉన్న సంఘం ఎంపిక మేరకు ప్రకటించారు. 2015కు ప్రథమ ఉత్తమ చిత్రం ‘రుద్రమదేవి’, ద్వితీయం ‘కంచె’, తృతీయం ‘శ్రీమంతుడు’.

మూడింటిలోనూ ‘బాహుబలి’ లేదు. జాతీయ పురస్కారాన్నీ, నందినీ గెలిచిన చిత్రం ఈ జాబితాలో చోటు కోల్పోయింది. ఎందుకిలా జరిగిందని అడగవలసిన వంతు ఇప్పుడు ‘బాహుబలి’ అభిమానులది. ఒక సంఘం కల్పిత మాహిష్మతికి, మరొక సంఘం శాసనాలున్న ఓరుగల్లుకు పట్టంగట్టాయి. ఒక ఖాళీని పూరించిన తీర్పు మరొక ఖాళీని మిగిల్చింది.

2015లో పన్ను మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వం, 2025లో పురస్కారం ఇచ్చిన ప్రభుత్వం వేర్వేరు పార్టీలవి. రెండూ రుద్రమ విషయంలో ఒకే వైపు నిలిచాయి. కాబట్టి ఈ ఎంపికను ఒక పార్టీ అభిరుచిగా కంటే, కొత్త రాష్ట్రం తన పూర్వచరిత్రను ఎంచుకొనే ప్రక్రియలో భాగంగా చూడటం సముచితం.

6. ‘దాసి’ నేర్పే పాఠం:

గుర్తింపునకు మరొక రూపం కూడా ఉన్నదని ‘దాసి’ గుర్తుచేస్తుంది. బి. నర్సింగరావు దర్శకత్వంలో తెలంగాణ గడిలోని దాసి జీవితాన్ని చిత్రించిన ఈ సినిమాకు 1988 సంవత్సరపు జాతీయ పురస్కారాలలో అయిదు లభించాయి. అవి ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి అర్చన, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్, కళాదర్శకత్వం తోట వైకుంఠం, దుస్తుల రూపకల్పన సుదర్శన్. చివరి పేరు నల్లగొండ జిల్లా మిర్యాలగూడకు చెందిన చిత్రకారునిది. 2024లో మరణించేవరకు ఆయన ‘దాసి’ సుదర్శన్‌గానే ప్రసిద్ధుడు.

గడిలో దాసి కట్టిన చీర ఎట్లుంటుందో, దొరసాని కట్టు ఎట్లుంటుందో తెలిసిన చేతికి ఇక్కడ పురస్కారం దక్కింది. ‘రుద్రమదేవి’ విషయంలో ప్రాంతం ఇతివృత్తంగా గౌరవం పొందింది. ‘దాసి’ విషయంలో ప్రాంతపు జ్ఞానం, పనితనం గౌరవం పొందాయి. పురస్కార చర్చలన్నీ ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు అన్న రెండు విభాగాల దగ్గర ఆగిపోవడం వల్ల రెండవ తరహా గుర్తింపు మరుగున పడుతున్నది.

ముగింపు:

‘రుద్రమదేవి’కి ఒక రాష్ట్రం ఇవ్వని స్థానాన్ని మరొక రాష్ట్రం ఇచ్చింది. ఈ రెండు తీర్పులలో ఏది సరైనదో తేల్చడం చరిత్ర రచన పని కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, విభజన తర్వాత తెలుగు సమాజం తన ఉమ్మడి గతాన్ని ఎట్లా పంచుకున్నదో అర్థమవుతుంది. ఆ పంపకంలో రుద్రమ తెలంగాణ వంతుకు వచ్చింది. అయితే ఆ వంతులో చందుపట్ల రాయి, వర్ధమానపుర వంశం, బూదపురంలోని కుప్పాంబిక ఇంకా చేరలేదు.

అభిమానుల అసంతృప్తిని కేవలం ఆవేశంగా కొట్టివేయడం తగదు. ‘మావాళ్లకు ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నలో ‘మావాళ్లు ఎవరు’ అన్న ప్రశ్న దాగి ఉన్నది. దానికి సమాధానం దక్షిణ తెలంగాణ పొలాల గట్ల మీద, గుడుల ముందు శాసనాలుగా నిలిచి ఉన్నది. ఆ శాసనాలను చదివినవారి చేతిలో పురస్కారాల జాబితా కూడా చరిత్రకు ఆధారమవుతుంది.