ఎస్పీ రోడ్డులో మెగాహెర్ట్జ్‌ల వేట

బెంగళూరు టౌన్‌హాల్‌కు కూతవేటు దూరంలో సాదర్ పత్రప్ప రోడ్డు ఉంది. ఆ పేరు పూర్తిగా పలికేవాళ్లు అరుదు. ఊరందరికీ అది ఎస్పీ రోడ్డే. పంపులు, మోటార్లు, ఇనుప సామాన్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు అమ్ముకునే ఈ పేట 1990లలో కంప్యూటర్ల బజారుగా మారింది. సికింద్రాబాద్‌కు పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో బెంగళూరుకు ఇది అలాగ. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల చిల్లర, హైదరాబాద్ మూడున్నర వందల పైమాటే. అందుకే సీమ కుర్రాళ్లకు మొదటి గేమింగ్ పీసీ సరంజామా వెతుక్కోవడానికి దగ్గరి దారి ఈ వీధే.

బజారు ఊపందుకోవడానికి పెద్ద కారణం సుంకాలు తగ్గడం. ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో భారత్ 1997లో చేరింది. ఆ తర్వాత కంప్యూటర్ భాగాల మీద సుంకం ఏటేటా దిగుతూ 2005 నాటికి సున్నాకు చేరింది. అంతకుముందు రాజ్యమేలింది సుంకం ఎగ్గొట్టి వచ్చిన గ్రే మాల్. బిల్లుతో ఒక ధర, బిల్లు లేకుండా ఒక ధర. ప్రాసెసర్ మీది అంకెలు గీకేసి, ఎక్కువ వేగం అచ్చువేసి అమ్మే మోసం కూడా ఆ రోజుల్లో ప్రపంచమంతటా ఉండేది. 133 మెగాహెర్ట్జ్ పెంటియంను 166గా అంటగట్టడం అలాంటిదే. ఆ మోసం సాగిందంటే కారణం ఒక్కటే: చాలా చిప్‌లు తమ మీద రాసి ఉన్న వేగం కన్నా ఎక్కువే పరిగెత్తగలవు. దొంగలు కనిపెట్టిన ఆ సంగతినే ఆటగాళ్లు దర్జాగా వాడుకున్నారు. అదే ఓవర్‌క్లాకింగ్.

ఈ విద్యకు స్వర్ణయుగం 1998 ఆగస్టులో మొదలైంది. ఇంటెల్ ఒకే రోజున రెండు చిప్‌లు వదిలింది. పెంటియం 2, 450 మెగాహెర్ట్జ్, 669 డాలర్లు. సెలెరాన్ 300ఏ, 300 మెగాహెర్ట్జ్, 149 డాలర్లు. సెలెరాన్ వేగం లెక్క చాలా తేలిక: చిప్‌ను మదర్‌బోర్డుతో కలిపే దారి అయిన బస్సు వేగం 66 మెగాహెర్ట్జ్‌ను నాలుగున్నర అనే గుణకంతో గుణిస్తే 300. బస్సును 100కు లేపితే అదే చిప్ 450. ప్రాసెసర్‌కు దగ్గరుండే చిన్న మెమరీ, అంటే క్యాషే, 128 కిలోబైట్లే అయినా చిప్ లోపలే ఉండి పూర్తి వేగంతో పనిచేసేది. పెంటియం 2కి 512 ఉన్నా, బయట కూర్చుని సగం వేగంతో నడిచేది. ఆటల్లో పేదవాడి చిప్ పెద్దింటి చిప్‌తో భుజం కలిపింది.

ఏబిట్ బీహెచ్6 లాంటి మదర్‌బోర్డులో బస్సు వేగాన్ని బయాస్ మెనూలోనే మార్చుకోవచ్చు. ఆ సదుపాయం లేని బోర్డు చేతికొస్తే ప్రాసెసర్ కార్డు మీది బీ21 అనే కాంటాక్టును సన్నటి టేపుతోనో, గోళ్ల రంగుతోనో కప్పేవారు. సిగ్నల్ అందక, వచ్చింది 100 మెగాహెర్ట్జ్ చిప్ అనుకుని బోర్డు దారి ఇచ్చేది. 2000లో ఏఎమ్‌డీ అథ్లాన్, డ్యురాన్ల వంతు వచ్చింది. వాటి మీద ఎల్1 అని రాసి ఉన్న తెగిన గీతలను మామూలు పెన్సిల్‌తో కలిపితే గుణకం తాళం ఊడేది. పెన్సిల్ గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది మరి. రెండు రూపాయల పెన్సిల్‌తో ఇంత చదువు ఏ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో దొరికింది?

ఇక్కడ బెంగళూరు వాతావరణానికీ కాస్త వాటా ఉంది. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ వేడీ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో హాయిగా నిలబడిన 450 మెగాహెర్ట్జ్, మే నెల బెజవాడలో మధ్యాహ్నానికే మొండికేయవచ్చు.

ప్రాసెసర్‌తో ఇన్ని ఆటలాడిన బజారును ఆట ఆడించింది మాత్రం ర్యామ్. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ కర్మాగారం తగలబడింది. అక్కడ తయారయ్యేది చిప్‌లు కాదు, చిప్‌లకు పైపూతగా వాడే రెజిన్. అయినా మెమరీ ధరలు భగ్గుమన్నాయి. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో భూకంపం వస్తే మళ్లీ అదే కథ. ఎక్కడో భూమి కంపిస్తే ఎస్పీ రోడ్డులో పొద్దున ఇచ్చిన కొటేషన్ సాయంత్రానికి చెల్లదు.

ఓవర్‌క్లాకింగ్ వైభవం తగ్గడానికి కారణం చిప్ కంపెనీలే. 2008 నవంబరులో వచ్చిన కోర్ ఐ7లో టర్బో బూస్ట్ ఉంది. వేడి, కరెంటు చూసుకుని చిప్ తన వేగాన్ని తానే పెంచుకుంటుంది. 2011 జనవరి నాటికి ఇంటెల్ ఓవర్‌క్లాకింగ్ స్వేచ్ఛకు ధర కట్టింది. 2500కే, 2600కే లాంటి ‘కే’ అక్షరం ఉన్నవాటికే గుణకం తాళం పూర్తిగా తెరిచింది. పెన్సిల్ పని అయిపోయింది.

అదే 2008 సెప్టెంబరులో ఇంటెల్ బెంగళూరు కేంద్రంలో రూపుదిద్దుకున్న జియాన్ 7400 విడుదలైంది. ఆరు కోర్లు, 45 నానోమీటర్లు, 190 కోట్ల ట్రాన్సిస్టర్లు. 1985లో మిల్లర్స్ రోడ్డు సోనా టవర్స్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అడుగుపెట్టిన ఊరికి అది పెద్ద ఘనతే. కానీ అది సర్వర్ చిప్. ఊళ్లో పుట్టిన ప్రాసెసర్‌తో ఊరి కుర్రాళ్లు గేమ్ ఆడుకునే యోగం లేకపోయింది.

తర్వాతి కాలంలో కొనేవాడి నేర్పు ర్యామ్ వైపు మళ్లింది. 2017లో వచ్చిన ఏఎమ్‌డీ రైజెన్‌లో కోర్ల గుంపులను కలిపే లోపలి దారి వేగం మెమరీ వేగంతో ముడిపడి ఉండేది. ర్యామ్ నెమ్మదిస్తే ప్రాసెసరూ నెమ్మదిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనలేనివాళ్లు ఆశ్రయించిన రైజెన్ 5 5600జీ సంగతి ఇంకా స్పష్టం. అందులోని గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే పంచుకుంటుంది. 3200 వేగం గల 16 జీబీ ర్యామ్ ఒక్క స్టిక్‌గా పెడితే సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు 8 జీబీ స్టిక్‌లుగా పెడితే 51.2. తర్వాత ఇంకోటి వేసుకోవచ్చని ఒక్క స్టిక్‌తో సరిపెట్టుకునేవాళ్లు ఆ ‘తర్వాత’ వచ్చేదాకా సగం దారితోనే ఆడుకుంటారు.

2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్‌3డీ అయితే పాత లెక్కలన్నీ తారుమారు చేసింది. 96 మెగాబైట్ల ఎల్3 క్యాషే పెట్టి, గుణకానికి తాళం బిగించి అమ్మారు. ఓవర్‌క్లాక్ చేయనివ్వని ఆ చిప్ ఆటల్లో అప్పటి మేటి చిప్‌ల సరసన నిలిచింది. గేమింగ్‌కు మెగాహెర్ట్జ్ కన్నా మెమరీ దగ్గరగా ఉండటమే ముఖ్యమని సెలెరాన్ 300ఏ చెప్పిన మాటే అది.

ఇప్పుడు మెమరీకి మళ్లీ కరువొచ్చింది, ఈసారి కృత్రిమ మేధ డేటాసెంటర్ల వల్ల. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ, మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇంత ధర పోసి కొన్నవాళ్లు కనీసం ఒక పని చేయాలి: పీసీ ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి ర్యామ్‌ను డబ్బాపై రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్‌లో ఉందేమో చూసుకోవాలి. అది ఆఫ్‌లో ఉంటే, డబ్బాపై 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్ సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది.